రోజుకొక పాట: కట్టాలా, రానియ్యాలా?

వికారాబాద్ జిల్లా దోమ చుట్టుపక్కల ఊళ్ళలో పాటకు కొదువ లేదు. నాట్లకు, కలుపుకు, పెండ్లికి, బతుకమ్మకు, శనివారం హనుమాండ్ల గుడి కాడి భజనకు దేని పాట దానికుంది. వాటిలో చాలావాటిని ఎవరు కట్టారో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉన్న తరం వచ్చింది. సొంతంగా పాట కట్టి, తన గొంతుతోనే రికార్డు చేసుకుని, దాన్ని దినచర్యగా నిలబెట్టుకోవాలని చూసే పిల్లలున్నారు. భజనలో తాళం పట్టి నెరిసిన పెద్దలకు ఈ పద్ధతి మింగుడు పడటం లేదు. ఆ రెండు వైపుల మాటనూ ఒక కాక, ఒక బిడ్డ నోట పెట్టి ఈ సంవాదం కూర్చాను. పాత్రలు కల్పితం. వాళ్ళు సాక్ష్యానికి తెచ్చే చరిత్ర మాత్రం నిజం.

కాక: ఏం బిడ్డా, దినాం ఒక పాట కడుతున్నవంట. పాటంటే ఏమన్న కూలి పనా, దినాం హాజరు ఏసుకునేటందుకు?

బిడ్డ: కూలి పనే అనుకో కాకా, తప్పేముంది? నాటేసే ఆడోళ్ళు కూలికే పోయిండ్రు. మన పాటలు సగం అక్కడ పుట్టినయే గదా.

కాక: నేననేది కూడ గదే. ముందు పని, ఎన్క పాట. వంగి నాటేస్తుంటే నడుము నొప్పి తెలువకుండ, అందరి చేతులు ఒక్క తీరుగ కదిలేటందుకు ఒకామె ఎత్తుకుంటే మిగిలినోళ్ళు అందుకునేది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను తెలంగాణ పోరాటానికి మలిపిండంటే, ఆనాడు జనానికి ఆ పాటతోని పని పడ్డది. నువ్వు పొద్దున లేచి, ఈ పొద్దు దేని మీద కట్టాలె అని దేవులాడుతున్నవు. అక్కెర లేని పాట ఎవరికి కావాలె?

బిడ్డ: దేవులాడుడు మొదలుపెట్టినంకనే నాకు ఊరు కనబడ్డది కాకా. దోమ నుంచి పరిగి దాక బస్సుల పోతాంటే ఇదివరకు ఫోన్ చూసుకుంట పోయేదాన్ని. ఇప్పుడు పక్క సీటుల ఇద్దరు పత్తి రేటు గురించి కొట్లాడుకుంటుంటే చెవులు అటే పోతున్నయి. తాండూరు కందికి 2022ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది పండించే రైతు మీద కట్టిన పాట నేనైతే వినలే. నాపరాయి గనుల దుమ్ము మీద, అనంతగిరి గుట్టల పుట్టి పట్నం పోయేసరికి మురికైపోయే మూసీ మీద కట్టొచ్చు. అక్కెర లేక కాదు, మనం చూడక పాట రాలే.

కాక: చూసినవన్ని పాటలైతయా? చూసింది లోపల ఊరాలె. ఆచార్య ఆత్రేయ పాట రాసియ్యడానికి ఎంత సతాయిస్తుండెనో సినిమావోళ్ళు కథలు కథలుగ చెప్పుకునేది. రాయక నిర్మాతలను ఏడిపిస్తడని, రాసి చూసేటోళ్ళను ఏడిపిస్తడని పేరు. ఆలస్యమైనా ఆయన పాట నిలిచింది. దినాం ఒకటి రాస్తే ఏ ఒక్కదానికి ఊరే టైం ఉండదు.

బిడ్డ: ఆత్రేయను నువ్వు తెస్తే అన్నమయ్యను నేను తెస్త. పదహారేండ్ల ఈడుల మొదలుపెట్టిండు. రాగిరేకుల మీద చెక్కిన మాట ప్రకారం 1424 నుంచి 1503 దాక పాడిండు. అంటే 79 ఏండ్లు. దినానికి ఒక్క సంకీర్తనకు తక్కువ కాకుండ పాడిండంటరు. మనుమడు చిన్నన్న రాసిన చరిత్రల 32,000 అని ఉంది. 79 ఏండ్లకు దినాలు లెక్కబెడితే 28,835. ఆ లెక్కన దినానికి ఒకటి దాటింది. మరి ఆయన పాటలు ఊరలేదంటవా?

కాక: అన్నమయ్యకు, నీకు నడుమ ఒక ఫరకుంది బిడ్డా. ఆయనకు దినాం పాడేటందుకు దేవుడున్నడు. పొద్దున మేలుకొలుపు, రాత్రి పవళింపు, నడుమ అలక, ఉత్సవం, ఊరేగింపు. గుడిల దినాం సేవ జరుగుతది, దినాం పాట కావాలె. నువ్వు ఎవరి సేవకు పాడుతున్నవు? ఇంకోటి చెప్పు. ఆ 32,000ల మనకు దొరికినవి ఎన్ని?

బిడ్డ: పన్నెండు వేల పైచిలుకు.

కాక: దొరికినవాటిల జనం నోట్ల ఉన్నవి ఎన్ని? నూరో, రెండు నూర్లో. తక్కినవి పుస్తకాలల్ల ఉన్నయి. ఆ రేకులు గూడ తిరుమల గుడిల ఒక చిన్న రాతి అరల నూర్ల ఏండ్లు పడి ఉన్నయి. దినాం కట్టినవాటి గతి చూసినవా?

బిడ్డ: ఆ నూరు పాటలు ఏవో అన్నమయ్యకు ముందుగాల తెలుసా? తెలిస్తే గవే రాసి ఊకుంటుండె. ఏది నిలుస్తదో కట్టేటోళ్ళకు తెలువది కాకా. తెలువనప్పుడు చేసుకుంట పోవుడే దారి. అమెరికాల జొనాథన్ మాన్ అనే ఆయన 2009 జనవరి 1 నుంచి దినాం ఒక పాట కట్టి బయట పెడుతున్నడు. ఆయన పాటలన్ని గొప్పయని నేను అనను. ఈ పొద్దుది బాగ రాకపోతే రేపుంది అన్న ధీమా మాత్రం ఆయనకున్నది. ఏడాదికి ఒక్కటి కట్టేటోళ్ళకు ఆ ధీమా ఉండది. ఆ ఒక్కటి చెడిపోతదేమోనన్న భయం తోనే చెయ్యి ఆగుతది.

కాక: భయం ఉండాలె. భయం లేనోడు అడ్డదిడ్డం పాడుతడు. నీ పాటలు నేను విన్న. మీ పిన్ని ఫోన్ల పెట్టింది. అన్ని ఒక్క దరువు మీదనే నడుస్తున్నయి. ఫోన్ల ఉన్న అదే డప్పు, అదే ఎత్తుగడ. పల్లవి ఎక్కడ మలుగుతదో నాకు ముందే తెలుస్తుంది. దినాం పని అయిపోవాలంటే చెయ్యి అలవాటైన దారినే పోతది. నువ్వు దాన్ని అభ్యాసం అంటవు, నేను అరుగుడు అంట.

బిడ్డ: ఆ మాట ఒప్పుకుంట. దరువు ముందుగాల పెట్టుకుని కడితే మాట దాని ఎంబడే ఉరుకుతుంది. అందుకే ఇప్పుడు దరువు బంద్ పెట్టి, ఉత్త గొంతుతోని కడుతున్న. గని ఒకటి అడుగుత. అన్ని ఒక్క తీరుగ ఉన్నయని నీకెట్ల తెలిసింది?

కాక: వరుసబెట్టి విన్న గనుక.

బిడ్డ: వరుసబెట్టి ఎట్ల విన్నవు? రికార్డు చేసిపెట్టిన గనుక. పాడి మర్చిపోతే నీకు తెలువది, నాకు తెలువది. రాత్రి ఫ్యాన్ బంద్ చేసి, బీరువా తలుపు తెరిచి, బట్టల దిక్కు మొకం పెట్టి పాడుత. బట్టలకు మోత తగ్గి గొంతు సాఫ్‌గ వస్తది. ఫోన్ జానెడు దూరం ఉండాలె. మల్ల పొద్దున బస్సుల వింట. రాత్రి మస్తుగ అనిపించిన పాటల పొద్దున తప్పులు దొరుకుతయి. రెండో చరణానికి వచ్చేసరికి శ్రుతి దిగుతుంది. వత్తులు మింగుతున్న. ఊపిరి ఆడ తీసుకోవాల్సింది ఈడ తీసుకుంటున్న. నా పాటను బయటి మనిషి లెక్క నేను వినాలంటే ఇంకో తొవ్వ లేదు. నువ్వు నలభై ఏండ్ల సంది పాడుతున్నవు. నీ గొంతు నువ్వు ఎన్నడన్న విన్నవా?

కాక: నా గొంతు పక్కోడు వింటడు. తప్పు పాడితే తాళం తోనే చెప్తడు. భజనల పది మంది ఉంటరు, పది జతల చెవులుంటయి. నువ్వు బీరువకు పాడుతున్నవు. అది నీకు తప్పని చెప్పది, బాగుందని చెప్పది.

బిడ్డ: అన్నమయ్య పాటకు పక్కన తంబుర ఉంది, వంత ఉంది, ఇంటోళ్ళంత పాడేటోళ్ళే. ఏమైంది? రేకుల మీద మాట ఉంది, రాగం పేరుంది, స్వరం లేదు. ఆయన ఏ బాణీల పాడిండో చెప్పేటోళ్ళు మిగల్లే. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ అసొంటి విద్వాంసులు 20వ శతాబ్దంల కొత్తగ బాణీలు కట్టాల్సి వచ్చింది. రాగి మీద చెక్కి దాచిన పాటకే ఆ గతి పడితే, మన నాటు పాట సంగతేంది?

కాక: బాణీ పోయింది గనుకనే కొత్త బాణీలు పుట్టినయని నేనంట. ఒక్కొక్క విద్వాంసుడు ఒక్కొక్క తీరుగ పాడిండు. అన్నమయ్య గొంతు డబ్బాల దొరికితే అందరు దాన్నే దిద్దుకుంట కూసుంటుండిరి. మన బతుకమ్మ పాట చూడు. దోమల ఒక తీరు, కుల్కచర్లల ఇంకో తీరు, తాండూరు దిక్కు పోతే మల్లొక తీరు. అత్తగారింటికి పోయిన ఆడపిల్ల తల్లిగారి పాట ఎంబడి తీస్కపోయింది, ఆడ రెండు మాటలు కలిసినయి. మారుడే దాని బతుకు. రికార్డు చేసినవనుకో, ఇది సరైంది, అది తప్పు అనే లొల్లి మొదలైతది. ఇప్పుడు చూస్తలేవా? సద్దుల బతుకమ్మ నాడు డీజే బాక్సుల పాట పెడుతున్నరు. ఆడోళ్ళు చప్పట్లు కొట్టుకుంట తిరుగుతున్నరు. నోరు మూతబడ్డది. ఒకామె ఎత్తుకునుడు లేదు, ఇంకొకామె అందుకునుడు లేదు. నాట్లల్ల గూడ గట్టు మీద ఫోన్ పాడుతది. ఈ పని చేసింది రికార్డే గాదా?

బిడ్డ: అది నిజమే. ఆ బాధ నాకు గూడ ఉన్నది. గని డీజే బాక్సుల ఎవలో పాడిన పాట వినుడు, నా పాట నేను కట్టుకునుడు ఒక్కటి కాదు కాకా. నోరు మూయించింది ఆ బాక్సు. నేను నోరు తెరుస్తున్న. ఊర్ల ఇంటికొక్కరు దినాం నాలుగు మాటలు కట్టి పాడుకుంటే డీజే మీద అంత మోజు ఉండది.

కాక: మరి రాకమచర్ల వెంకటదాసు సంగతి చెప్పు. ఆయన పేరుల ఉన్న ఊరు మన జిల్లాదే, పూడూరు దిక్కు. ఆయన కీర్తనలు మన దిక్కు, పాలమూరు దిక్కు భజనలల్ల ఇంకా పాడుతున్నరు. రికార్డు ఉండెనా? ఫోన్ ఉండెనా? నోటి నుంచి నోటికి వచ్చినయి. నిలిచే పాటకు డబ్బా అక్కెర లేదు.

బిడ్డ: నిలిచినవాటిని చూపెట్టి ఏదీ పోలేదంటే ఎట్ల? పోయినవి లెక్కకు రావు గదా. నోరు ఒక్కటే చాలితే బిరుదురాజు రామరాజు 1950లల్ల జానపద గేయాల కోసం ఊరూరు తిరుగుడెందుకు? ఉస్మానియాల దాని మీదనే పరిశోధన చేసి పట్టా తీసుకున్నడు. ఆయన, ఆయన అసొంటోళ్ళు కూడబెట్టినయే ఇప్పుడు మనకు పుస్తకాలల్ల దిక్కు. కాయితం మీద మాట మిగిలింది, గొంతు మిగల్లే. పాడిన ముసలామె ఊపిరి ఎక్కడ తీసుకున్నదో, ఏ అక్షరం సాగదీసిందో ఆ పుస్తకం చెప్పది.

కాక: సరే, ఒక చిక్కు విప్పు. దినాం కొత్త పాట అంటున్నవు. కొత్త బాణీ యాడికెల్లి వస్తది? నువ్వు పోయిన నెల కట్టిన కందిచేను పాట మీ నాయినమ్మ దంచుడు పాట బాణీయే. నేను పట్టిన. దాన్ని నీ పేరు మీద పెట్టుకుంటవా?

బిడ్డ: బాణీ ఆమెది, మాట నాది. అమెరికాల వుడీ గత్రీ గట్లనే చేసిండు. 1941ల కొలంబియా నది మీద ప్రభుత్వం కట్టిన డ్యాముల గురించి పాటలు కావాలని, అక్కడి కరెంటు సంస్థ ఆయనకు ఒక నెల కొలువిచ్చింది. ఆ నెలల 26 పాటలు కట్టిండు. జీతం 266 డాలర్లు. బాణీలు చాన మటుకు పాత జానపదాలవే. దినాం పని జేసేటోడు ఉన్న బాణీని వాడుకుంటడు. మన గద్దర్ పాటల ఒగ్గుకథ, బుర్రకథ వినబడయా?

కాక: వినబడుతయి. ఆ పాట జనానికి ఇచ్చిండ్రు, పైసలకు పెట్టలే. ఇప్పుడు ఎవరు ముందు ఎక్కిస్తే వాళ్ళదే అన్నట్టయింది. సారంగదరియా 2021ల సినిమాల వచ్చినప్పుడు అది ఎవరి పాట, ఎవరు తెచ్చిన పాట అని ఎంత లొల్లి అయిందో చూసినం. రేపు నీ రికార్డును చూపెట్టి, మీ నాయినమ్మ బాణీ పాడిన ఇంకో పిల్లను ఆపుతరు. నాయినమ్మ దగ్గర రికార్డు లేదాయె. నీ దగ్గర తారీఖుతోని ఉన్నది. గెలిచేది నువ్వే. అది న్యాయమా?

బిడ్డ: చట్టం సంగతి నేను చదివిన. 1957 కాపీరైటు చట్టంల పాటకు హక్కు రావాలంటే రిజిస్టర్ చేసుకునుడు తప్పనిసరి కాదు. మాటకు వేరే హక్కు, బాణీకి వేరే, రికార్డింగుకు వేరే. నేను రాసిన మాట నా జీవితకాలం, నేను పోయినంక ఇంకో 60 ఏండ్లు నాదే. అందుకే తారీఖు ఏసి పెట్టుకుంట. ఎవరన్న నా మాట ఎత్తుకపోతే చూపెట్టొచ్చు. గని నాయినమ్మ బాణీ నాదని ఎన్నడు అనను. పాటకు ముందు, ఇది ఫలానా ఊరి దంచుడు పాట వరుస, మా నాయినమ్మ నోట విన్న అని చెప్పి మొదలుపెడుత. రికార్డు ఉంటేనే ఆ మాట గూడ పాట ఎంబడి పోతది. నోటి పాటల ఆమె పేరు ఎప్పుడో జారిపోయింది.

కాక: గట్ల చెప్తవంటే ఆ మట్టుకు నాకు సంబరమే. ఇగ నా ఆఖరి మాట. ఇప్పుడు యాప్‌లు వచ్చినయంట. రెండు మాటలు కొడితే గొంతు, వాద్యం, పల్లవి, చరణం అన్ని కలిపి క్షణాలల్ల పాట తయారు చేస్తయంట. దినాం ఒకటి అని నువ్వు మురుస్తున్నవు. అది దినాం వెయ్యి కడుతది. లెక్కల పోటీ పెట్టుకుంటే నువ్వు ఓడిపోయినట్టే.

బిడ్డ: లెక్క నాకు పోటీ కాదు. యంత్రం పాట కడితే పాట వస్తది, నా చెవి మారది. పాట కట్టకముందు మా తండా అవ్వల మాటల ఎత్తుపల్లం నాకు వినబడకపోతుండె. ఇప్పుడు వినబడుతుంది. ప్రాస కోసం అబద్ధపు మాట పడితే నాకే తెలిసిపోతుంది. బాగలేని పాటల నుంచి గూడ ఒక్క మంచి ఎత్తుగడ మిగులుతది, అది ఇంకో పాటకు పనికొస్తది. దినాం కట్టిన పాటలన్ని ఎవరికో వినిపియ్యాలని నాకు లేదు.

కాక: మరి బయట పెడుతున్నవు గదా?

బిడ్డ: పెడుతున్న. అది తగ్గియ్యాలె. కట్టుడు దినాం, పెట్టుడు దినాం కాదు.

కాక: నా మాట గూడ విను. దినాం కట్టు, నేను ఆపను. కట్టింది అదే రోజు పూర్తి కావాలన్న పట్టు నాకు ఇష్టం లేదు. కొన్నిటిని సగంల ఇడిచిపెట్టు, ఆర్నెల్లకు తిరిగి చూడు. రెండోది, శనివారం శనివారం ఒక్క పాట గుడి కాడికి పట్టుకరా. ఫోన్ తేవొద్దు. నువ్వు ఒక్కసారి పాడు, మేం అందుకుంటం. రెండో పల్లవికి మేం అందుకుంటే పాట ఉన్నట్టు. అందుకోకపోతే దాన్ని మల్ల ఇంటికి తీస్కపో.

బిడ్డ: శనివారం వస్త. పూర్తి చెయ్యాలన్న పట్టు మాత్రం ఇడువను కాకా. సగం పాటలు కుప్పపడితే అలవాటు నిలబడది. ఆర్నెల్లకు తిరిగి చూసుడు పూర్తి చేసినదాన్ని గూడ చూడొచ్చు.

కాక: నీ ఇష్టం. నేనైతే సగం పాటలతోనే ముసలోన్నైన.

సంవాదం ఇక్కడ ఆగింది, రాజీ కుదరలేదు. కుదరాల్సిన అవసరమూ లేదు. ఇద్దరి మాటల్లోనూ నిలబడే భాగం ఉంది కాబట్టి కూర్చినవాడిగా నా తీర్పు చెబుతాను.

పాట కట్టడం రోజువారీ పని కావాలన్న విషయంలో బిడ్డ మాటే సరైనది. ఆవేశం వచ్చేదాకా ఆగితే, వచ్చిన రోజున చేతికి పదును ఉండదు. రికార్డింగు విషయంలో ఇద్దరూ చెరో సగం నిజం చెప్పారు. రికార్డు పాటకు పుస్తకం లాంటిది కాదు, కట్టేవారికి అద్దం. తన తప్పు తాను వినడానికి, ఎవరి వరుస ఎవరి దగ్గర తీసుకున్నామో రాసిపెట్టుకోవడానికి అంతకంటే చౌకైన సాధనం ఇంతకుముందు ఎన్నడూ లేదు. అంతటితో పాట పని పూర్తయిందనుకుంటే మాత్రం కాక హెచ్చరిక గుర్తుంచుకోవాలి. అన్నమయ్య సాహిత్యాన్ని రాగిరేకులు కాపాడాయి. దాన్ని మళ్ళీ పాటగా చేసింది మనుషుల గొంతులే. దాచడానికి లోహమైనా, ఫోనైనా సరిపోతుంది. పాట బతకడానికి కట్టినవారిది కాని రెండో నోరు ఒకటి కావాలి.

అందుకే పాట కట్టాలని ఉన్నవాళ్ళకు చెప్పేది ఇంతే. ఈ రోజే నాలుగు చరణాలు కట్టండి. ఎలా వస్తే అలా ఫోన్‌లో పాడి, తారీఖు వేయండి. వరుస ఎవరిదో ముందే చెప్పండి. అందరికీ పంపే తొందర వద్దు. వారానికి ఒక్కటి ఎంచుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లోనో చేనులోనో భజనలోనో ఇంకొకరి చేత పాడించండి. వాళ్ళు మీరు లేనప్పుడు కూడా దాన్ని పాడుకుంటే ఆ పాటను ఊరికి వదిలేయండి. పాడుకోకపోతే రేపు ఇంకోటి కట్టండి.